బూడిదతో తోమిన సముద్రం

నేను రాసేవాణ్ణి కాదు. చదువు నాలుగో తరగతి దాకా, అదీ నిజాం కాలపు ఉర్దూ బడిలో. తెలుగు అక్షరాలు మా పెద్దపిల్ల పలక మీద ఆమెతోపాటు దిద్దుకున్నాను. మా జియాలజీ డిపార్టుమెంటులో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మొన్న మా ఇంటికి వచ్చి, పాత క్యాంపుల సంగతి ఏదైనా రాసి ఇవ్వమన్నారు. వరదలో గుడారాలు కొట్టుకుపోయిన సంగతి రాస్తే మీకు సరదాగా ఉండేది. ఎలుగుబంటి వంటగుడారంలో దూరిన సంగతీ ఉంది. కానీ పెన్ను పట్టుకున్నప్పుడల్లా చెయ్యి ఇటే పోతోంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

నేను ఖలాసీని. గుడారాలు పాతడం, విప్పడం, ఆఫీసరు వెనక సుత్తి మోయడం, ఆయన కొట్టిన రాళ్లను చీటీ పెట్టి సంచుల్లో కట్టడం మా పని. రాయి పేరు సాబుది, బరువు మనది అని మా జమేదారు అనేవాడు. జమేదారు అంటే ఖలాసీలందరికీ పెద్ద. మా జమేదారు పట్నం మనిషి. ఉర్దూ తప్ప ఏదీ సరిగా రాదు, మనసు మాత్రం మెత్తన.

అరవైల నడుమ మాట. వానలు మొహం చాటేసిన ఏడు. మర్రిగూడ దాటి దక్షిణాన ఒక పల్లె పక్కన మా క్యాంపు పడింది. పల్లె పేరు రాయను. ఆ ఇళ్లవాళ్ల మనుమలు ఇంకా అక్కడే ఉంటారు. చుట్టుపక్కల అంతా మనకు తెలిసిన గుండ్ల దేశమే. కానీ ఆ గుండ్ల మధ్యలోంచి ఒక నల్లరాతి చార సన్నగా పోతుంది. అట్లాంటి చారలే మహబూబ్‌నగర్ జిల్లాలో గద్వాల దిక్కు కూడా ఉన్నాయి, అక్కడా రాళ్లు మోశాను.

ఆ నల్లరాయి పల్లెకు పడమట చిన్న గుట్టలా లేచింది. పెద్ద ఎత్తేం కాదు. చూడ్డానికి మాత్రం అట్లాంటిది నేను అంతకుముందు చూడలేదు. దిండ్లు దొంతర పెట్టినట్టు గుండ్రటి వీపులు, ఒకదాని మీదికి ఒకటి ఒరిగి, సందు లేకుండా ఒత్తుకుని ఉంటాయి. కాస్త దూరం నుంచి చూస్తే గొర్లమంద పడుకున్నట్టే. తలలు ఎక్కడో పొట్టల కింద దాచుకున్నట్టు. పల్లెవాళ్లు దాన్ని పండుకున్న మంద అంటారు.

ఆ పల్లెలో ఎక్కువమంది గొర్లకాపరులు. వాళ్లకొక కట్టుబాటు ఉంది. గుట్ట దగ్గరికి వస్తే నోరు మూస్తారు. గొర్రెను పిలవరు, అదిలించరు, ఈల వేయరు. కర్ర సైగతోనే మందను దాటిస్తారు. గంట కట్టిన గొర్రె ఉంటే ఆ గంటలో గడ్డి కుక్కుతారు. కాపరి పిలుపు వినబడితే పండుకున్నవి లేస్తాయట. లేచి మన మందలో కలుస్తాయో, మన మందనే తమలో కలుపుకుని మళ్లీ పడుకుంటాయో చెప్పలేమట. అంత పెద్ద మంద, నలుగురు మనుషులు, గిట్టల చప్పుడు తప్ప ఏమీ లేకుండా పట్టపగలు ఆ రాళ్ల పక్కనుంచి పోవడం మొదటిసారి చూసినప్పుడు నా చెవులకే ఏదో అయిందనుకున్నాను.

అట్లాంటి చోట మేం సుత్తులు పట్టుకుని దిగాం.

మా ఆఫీసరు బంగాళం నుంచి వచ్చిన చిన్న వయసు మనిషి. హిందీ తడుముకుంటూ మాట్లాడేవాడు. తెలుగులో నీళ్లు, రాయి, మెల్లగా అనే మూడు మాటలే వచ్చు. పల్లెవాళ్లతో ఏది మాట్లాడాలన్నా ఆయన హిందీని నేను తెలుగు చేసేవాణ్ణి. ఆయన సుత్తి దెబ్బ వేస్తే ఆ రాయి కంచులా మోగేది. దూరాన ఎండుగడ్డి మేస్తున్న గొర్లన్నీ ఒక్కసారే తలలెత్తి మా దిక్కు చూసేవి. రెండో దెబ్బకు మళ్లీ. రోజులు గడిస్తే అలవాటు పడతాయనుకున్నాం. పడలేదు.

ఒక మధ్యాహ్నం రొట్టెలు తింటూ ఆయన ఒక రాతివీపు మీద కూర్చుని, మనం ఇప్పుడు సముద్రం అడుగున కూర్చున్నాం అన్నాడు. మాలో ఎవరూ సముద్రం చూడలేదు. ఆయనే చెప్పాడు. భూమి కడుపులోంచి నిప్పులా కరిగిన రాయి నీళ్లలోకి పొంగిందట. పొంగిన ముద్దకు పైతోలు వెంటనే చల్లబడి దిండులా గుండ్రబడిందట. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. తర్వాత ఎప్పుడో రెండు పక్కల నేలలు జరుగుతూ జరుగుతూ దగ్గరికొచ్చి, మధ్యనున్న సముద్రాన్ని రెండు అరచేతుల నడుమ పిండిముద్దలా నొక్కేశాయట. నీళ్లు పోయాయి, అడుగు మాత్రం ఇక్కడ నలిగి మిగిలింది. నేలలు జరుగుతాయంటే ఆ రోజుల్లో ఆయన పైవాళ్లే నవ్వేవాళ్లని ఆయనే చెప్పాడు.

మరి సముద్రమే అని ఎట్లా తెలుస్తుంది సాబ్ అని నేనే అడిగాను. ఆకారం చూస్తే నీళ్లలో పుట్టిందని తెలుస్తుంది, కానీ చెరువులోనూ నీళ్లే ఉంటాయి అన్నాడు. లోతు సముద్రం అడుగున పుట్టిన రాయికి లోపలి సరుకు వేరుగా ఉంటుంది. పొటాష్ అనే ఒక ఉప్పు, నేల మీద పొంగిన రాతిలో బాగానే ఉంటుంది. సముద్రపు రాతిలో మాత్రం పప్పులో ఉప్పు మరిచిపోయినట్టే, ఉండీ లేనట్టు ఉంటుంది. మన రాయిని పట్నంలో ప్రయోగశాలకు పంపి కరిగించి చూస్తే పొటాష్ దాదాపు లేదని తేలాలి. అది తేలితే ఇక్కడ ఒక సముద్రం మూసుకుపోయిందని ఆయన నిలబడి చెప్పగలడు.

ఆయన చెప్పడం అయిపోయాక జమేదారు రొట్టె చేతిలో పట్టుకునే తలెత్తి ఆకాశంలోకి చూశాడు. నేనూ చూశాను. వానచుక్క లేని ఏడు. నెత్తి మీద అన్ని నీళ్లు ఉండేవంటే ఎట్లా నమ్ముతాం? కానీ ఆనాటి నుంచి ఆ గుట్ట ఎక్కితే ఊపిరి కొంచెం బరువుగా తీసుకునేవాణ్ణి.

ఇప్పుడు నీళ్లామె సంగతి చెప్పాలి. క్యాంపుకు నీళ్లు మోసేందుకు పల్లెలో ఒకామెను పెట్టుకున్నాం. నలభై దాటి ఉంటాయి. కాపరుల ఇంటిదే. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, ఊరి చివర ఒక గుడిసె. దూరపు బావి నుంచి కడవ మీద కడవ పెట్టుకుని తెచ్చేది. నన్ను తమ్మీ అనేది, నేను అక్కా అనేవాణ్ణి. పట్నం పంపే రాతిముక్కలు కడిగి ఆరబెట్టే పని కూడా ఆమెకే అప్పగించాం. వానమరకలు, నాచుమచ్చలు ఏమీ ఉండొద్దని ఆఫీసరు గట్టిగా చెప్పాడు. మేమంతా గుట్ట మీద ఉన్న వేళ ఆమె వంటగుడారం వెనక కూర్చుని కడిగేది. సాయంత్రం మేం వచ్చేసరికి ముక్కలు గోనె మీద ఆరి, కొత్త గిన్నెల్లా మెరిసేవి. ఆఫీసరుకు ఆమె పనంటే చాలా మెప్పు.

మొదటి లెక్క పట్నం నుంచి వచ్చింది. పొటాష్ చాలా ఉంది. ఆఫీసరు ఆ పూట అన్నం తినలేదు. ఇంకో చోట రాళ్లు కొట్టి పంపాం. వాటిలోనూ ఉంది, కానీ మొదటిదానితో పొంతన లేదు. మూడోసారి ఆయన ఒకే రాతిని రెండు ముక్కలు చేసి, వారం తేడాతో రెండు సంచుల్లో పంపాడు. ఒకే రాయి, ఒకే సుత్తి. రెండు సగాలకూ రెండు లెక్కలు వచ్చాయి.

ఆ కాగితం చదివి ఆయన గుట్ట దగ్గరికి పోయి చాలాసేపు ఆ వీపులను చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నాతో అన్నాడు, ఈ రాయి మాట మారుస్తోంది అని. నవ్వుతూ అనలేదు. పక్కనే రాళ్లు మోసే పల్లె కూలీలు ఉన్నారు. సాబు ఏమన్నాడని అడిగితే నేను ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను.

ఆ మాట మాకంటే ముందే పల్లె చేరింది.

అప్పటికే పల్లెలో గొర్లు చస్తున్నాయి. మేత లేకనో, రోగమో. ముందురోజు నిలబడ్డ గొర్రె పొద్దుటికి కాళ్లు మడిచి, మూతి పొట్ట కింద పెట్టుకుని పడి ఉండేది. అచ్చం గుట్ట మీది రాళ్ల లాగే అని వాళ్లే అనుకున్నారు. అనుకున్నాక చూపు నీళ్లామె మీదికి పోయింది. పండుకున్న మందలోంచి ముక్కలు కొడుతున్నది సర్కారువాళ్లు. వాళ్లను ఏమీ అనలేరు. ఆ ముక్కలను ఒళ్లో పెట్టుకుని ఒంటరిగా కడిగేది ఎవరు? ఆమె చేతిలోంచి పోయిన రాయే కదా మాట మారుస్తోంది? బాణామతి అన్నారు.

ఈ కాలం పిల్లలకు ఆ మాట బరువు తెలియకపోవచ్చు. ఆ పేరు పడ్డ మనిషి మంత్రం పలకకూడదని ముందరి పళ్లు రాలగొట్టేవాళ్లు. మా ఊరి పక్కన అట్లా పళ్లు లేని ముసలామె ఒకామె ఉండేది. మేం పిల్లలం ఆమె నవ్వితే పరుగెత్తేవాళ్లం. ఆమె ఎందుకు నవ్వేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నీళ్లామెకు పొయ్యిలోకి నిప్పు ఇవ్వడం మానేశారు. బావి దగ్గర ఆమె చేద వేస్తే మిగతావాళ్లు పక్కకు జరిగి, ఆమె వెళ్లేదాకా ఎదురుచూసేవాళ్లు. అయినా ఆమె రోజూ వచ్చేది, కడవలు దించేది. మాటలు మాత్రం తగ్గిపోయాయి.

ఒకరోజు ఆఫీసరుకు ఎండదెబ్బ తగిలి తలనొప్పి వచ్చింది. నేను ఆయన్ని మధ్యాహ్నమే క్యాంపుకు తీసుకొచ్చాను. వంటగుడారం వెనక ఆమె కూర్చుని ఉంది. ముందు చిప్పలో పొయ్యి బూడిద, చేతిలో కొబ్బరిపీచు. రాతిముక్కను బూడిదలో అద్ది, పీచుతో రుద్ది, పక్కన కుండలో వేస్తోంది. ఆ కుండలోనూ బూడిదనీళ్లే. మరక వదలని ముక్కలను పొద్దుటిదాకా అందులోనే నానేసేదట. నీళ్లు లేని చోట ఏ ఇంట్లో అయినా గిన్నెలు తోమేది అట్లాగే కదా. బూడిదతో తోమితే చెంబెడు నీళ్లతో సరిపోతుంది. కావలసినన్ని నీళ్లు దొరికిన వారం నీళ్లతో కడిగింది, దొరకని వారం బూడిదతో తోమింది. మా నీళ్లను ఆమె మాకే మిగిల్చింది.

ఆఫీసరు తలనొప్పి మరిచిపోయాడు. కట్టె బూడిదంటేనే పొటాష్ అని చెప్పాడు. ఆ నల్లరాతికి కంటికి కనబడని పగుళ్లు ఉంటాయట, బూడిదనీళ్లు వాటిలోకి దిగి ఆరిపోతాయట. రాయి మాట మార్చలేదు, మనమే దాని నోట్లో ఉప్పు పోశాం అని ఆయన నవ్వుతుంటే నాకూ సంతోషమైంది. ఆమెను కోప్పడలేదు కూడా. ఇకనుంచి బూడిద వద్దని మాత్రం చెప్పమన్నాడు. చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

ఆ సాయంత్రమే పల్లె నుంచి కబురు. మందపెద్ద, అంటే కాపరులందరికీ పెద్ద, మరునాడు పొద్దెక్కాక సాబును గుట్ట దగ్గరికి రమ్మన్నాడు. రాయి మారిందో లేదో సాబు నోటితో వినాలట. నీళ్లామెనూ పిలిపించారు. ఏం తేలితే ఏం చేస్తారో కబురు తెచ్చినవాడు చెప్పలేదు, మేం అడగలేదు.

ఆఫీసరు నిశ్చింతగా ఉన్నాడు. జరిగింది జరిగినట్టు చెబితే సరి, నిజం తెలిస్తే భయం పోతుంది అన్నాడు. జమేదారు చేతులు కట్టుకుని, సాబ్, ఆమె రుద్దడం వల్ల రాయి లెక్క మారిందని వాళ్లతో అనొద్దు అన్నాడు. ఆఫీసరుకు అర్థం కాలేదు. అందులో ఆమె తప్పేముంది, బూడిద అందరి ఇళ్లలో ఉండేదే కదా అన్నాడు. చదువుకున్న మనిషికి అది తప్పు లేదని చెప్పినట్టు. పల్లెకు అది ఆమే చేసిందని సాబే ఒప్పుకున్నట్టు. జమేదారు ఇంకోసారి చెప్పి చూశాడు. ఆఫీసరు అబద్ధం ఆడనని లేచిపోయాడు. మంచి మనిషి, దానితోనే భయం.

జమేదారు నా దిక్కు తిరిగి ఒకే మాట అన్నాడు.

"అరే బేటా, వాళ్ల చెవులకు చేరేది నీ మాటే గదా."

మరునాడు మేం పోయేసరికి పల్లె మొగవాళ్లంతా అక్కడే ఉన్నారు. రాళ్లకు ఎదురుగా అర్ధచంద్రంలా కూర్చున్నారు. నీళ్లామె పక్కకు, ఒంటరిగా, నెత్తి మీద కొంగుతో, కాళ్ల దగ్గర కడవతో నిలబడింది. గుట్ట దగ్గర కాబట్టి అందరూ గుసగుసగానే మాట్లాడుతున్నారు. అంతమంది మగవాళ్లు, ఒక మనిషి బతుకు మీద పంచాయితీ, పక్కవాడి చెవిలో చెప్పుకునే గొంతుతో. అట్లాంటి పంచాయితీ నేను మళ్లీ చూడలేదు. అరిచి తిట్టుకున్నా అంత భయం వేసేది కాదు.

మందపెద్ద ముసలివాడు. కళ్లు తీక్షణం. నాతో మెల్లగా అన్నాడు.

"పిలగా, మా మంద మారిందా లేదా, సాబును ఒక్క ముక్క జెప్పుమను."

నేను అడిగాను. ఆఫీసరు గట్టిగా, తేటగా హిందీలో మొదలుపెట్టాడు. ఆ గొంతుకు కూర్చున్నవాళ్లంతా ఒక్కసారి రాళ్ల దిక్కు చూశారు. ఆయన ఆగలేదు. రాయి మారలేదు అన్నాడు. ఈమె బూడిదతో తోమింది, బూడిదలో పొటాష్ ఉంది, అదే లెక్కను మార్చింది అన్నాడు. చెబుతూ చెబుతూ ఆమె దిక్కు చెయ్యి చూపి, రెండు అరచేతులూ కలిపి గట్టిగా రుద్ది చూపించాడు.

నేను తెలుగు చేశాను. "రాయి మారలేదంటుండు. పట్నంల లెక్క తప్పచ్చిందంటుండు."

మందపెద్ద నన్ను చూడలేదు. ఆఫీసరు చేతులనే చూస్తున్నాడు.

"ఆమె దిక్కెందుకు చెయ్యి జూపిండు?"

"ఈమె శుభ్రంగ కడిగిందంటుండు, పెద్దయ్యా."

"చేతులు రుద్దిండు గదా. ఏందది?"

"గట్లనే రుద్ది రుద్ది కడిగిందంటుండు. కడిగినామెది తప్పు లేదంటుండు."

ముసలాయన అప్పుడు నా దిక్కు తిరిగాడు. "ఈ మాట నువ్వు జెప్తున్నవా, ఆయన జెప్తుండా?"

"ఆయనే."

"అయితే చెయ్యి వెట్టి జెప్పు."

కాపరులు ఒట్టు పెట్టేది గొర్రె వీపు మీద చెయ్యి వేసి. అబద్ధమాడితే ఆ గొర్రె, వెంట ఆ ఇల్లు నిలవదంటారు. ఆయన చూపించింది గొర్రెను కాదు, పండుకున్న మందలో అన్నిటికంటే ముందున్న రాయిని. నేను పోయి దాని వీపు మీద చెయ్యి పెట్టాను. ఆ ఎండకు అరచెయ్యి కాలాలి. కాలలేదు. చల్లగా కూడా లేదు. ఒంటి వెచ్చన ఉంది. లోపల ఏదో మెల్లగా కొట్టుకున్నట్టనిపించింది. నా నాడే అయి ఉంటుంది.

"రాయి మారలే" అన్నాను. ఆ మాట వరకు నిజమే కదా. దాన్నే గట్టిగా పట్టుకున్నాను.

ముసలాయన చాలాసేపు ఆ రాతినే చూశాడు, అది ఏమైనా చేస్తుందేమో అని చూసినట్టు. చివరికి కర్ర ఆనించుకుని లేచాడు. ఆయన లేస్తే ఒకరి తర్వాత ఒకరు అందరూ లేచారు. పల్లె దిక్కు పోయారు. నీళ్లామెను దాటుతూ వాళ్లలో ఇంకో ముసలాయన ఆమె కడవను నేల మీద నుంచి ఎత్తి ఆమెకు అందించాడు. అంతే.

తిరిగి వస్తుంటే ఆఫీసరు నా భుజం తట్టాడు. అంతా చెప్పావా అని అడిగాడు. చెప్పాను సాబ్ అన్నాను. చూశావా, నిజం ఓపికగా చెబితే ఎవరికైనా అర్థమవుతుంది అన్నాడు. తర్వాతి ఉద్యోగమంతా ఆయన కొత్త పిల్లలకు ఈ కథ చెప్పేవాడని విన్నాను. పల్లెవాళ్లకు రసాయనశాస్త్రం చెప్పి ఒక ఆడమనిషిని కాపాడాం అని. ఆ పూట మా వెనక నడుస్తున్న జమేదారు దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ ఆ సాయంత్రం కడవలు దించాక నీళ్లామె నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, గాయన నిజంగ ఏమన్నడు?"

"చెప్పిన గదా అక్కా."

"చేతులు రుద్దింది నాకు తెల్వదా? నేను బూడిద రుద్దేది గట్లనే. ఏమన్నడో జెప్పు."

ఆమె భయపడింది, ధైర్యం చెప్పాలి అనుకున్నాను. ఉన్నదంతా చెప్పాను. బూడిదలో ఒక ఉప్పు ఉంటుందని, అది రాయిలోకి దిగిందని, అందుకే లెక్క మారిందని, అందులో ఆమె తప్పు ఏమీ లేదని. మాకు ఆఫీసరు ఎట్లా చెప్పాడో అట్లాగే చెప్పాను. ఆమె అంతా విన్నది. తర్వాత తన రెండు చేతులనూ చూసుకుంది, అవి ఎవరివో అన్నట్టు.

"అయితే మార్చింది నేనే" అంది. కాదని చెప్పబోయాను. ఆమె వినలేదు. "మా ఇంటాయన గిన్నె గూడ రోజు నేనే తోమేది. గాయన గూడ పాయె."

మర్నాటి నుంచి నీళ్లకు రాలేదు. నేను గుడిసెకు పోయాను. గడపలో కూర్చుని ఉంది. రెండు చేతులకూ పాత చీరపేలికలు మణికట్టు దాకా చుట్టుకుంది. పొయ్యి రాజేయలేదు. పక్కింటామె పెట్టిన అంబలి చిప్పను ముట్టకుండా, వంగి నోటితోనే తాగుతోందట. పల్లె ఆమె మీద పెట్టిన పేరును తీసేసుకుంది. దాన్ని ఆమే ఎత్తుకుని నెత్తిన పెట్టుకుంది. అందులో సగం బరువు నేను ఇచ్చిందే.

మాటలతో అయ్యేది కాదని తెలిసింది. మరునాడు నా పళ్లెం, రెండు రొట్టెలు, కాస్త తొక్కు తీసుకుని పోయాను. పళ్లెం ఆమె ముందు పెట్టి, బూడిదతో తోమి ఇయ్యమన్నాను. వద్దు, పో అంది. నేను పోలేదు. ఎండ నెత్తి మీదికొచ్చినా అక్కడే కూర్చున్నాను. చివరికి ఆమె పొయ్యిలోని పాత బూడిద తెచ్చి, చేతుల పేలికలు విప్పకుండానే, పీచుతో తోమింది. నేను అందులోనే రొట్టె పెట్టుకుని, తొక్కు అద్దుకుని, ఆమె ఎదురుగా తిన్నాను. ఆమె ప్రతి ముద్దా గొంతు దిగేదాకా చూసింది. అంత భయంగా ఎవరూ నా తిండిని చూడలేదు.

"తిన్నవా?"

"తిన్న."

"ఏమన్న అయితాందా?"

"కడుపు నిండింది."

ఆమె నవ్వలేదు. "రేపొచ్చి నా కండ్లవడు" అంది.

పోయాను. గొర్రెకు లోపల రోగముందో లేదో తెలియాలంటే కాపరులు దాని కింది రెప్ప దించి చూస్తారు. ఎర్రగా ఉంటే బతుకుతుంది, తెల్లగా ఉంటే కష్టం. ఆమె దూరంగానే నిలబడి, రెప్ప దించుకోమని నాకు చెప్పింది. నా వేలితో నేనే దించుకుని చూపించాను. వంగి, ముట్టకుండా చూసింది. "ఎర్రగుంది, పో" అంది. ఆ తర్వాత రోజూ అంతే. గుట్ట నుంచి వస్తూ గుడిసె దగ్గర ఆగడం, పళ్లెంలో తినడం, మర్నాడు రెప్ప చూపించడం. తోటి ఖలాసీలు నన్ను సర్కారు గొర్రె అని ఎగతాళి చేశారు. చేయనీ అనుకున్నాను. ఒక పూట నాకు నిజంగా జ్వరం తగిలింది. అయినా నడుం కట్టుకుని పోయి, నవ్వుతూ నిలబడి వచ్చాను. ఆ పూట నేను చూపించకపోతే ఆమె ఏమనుకునేదో నాకు తెలుసు.

ఈలోగా కొత్త ముక్కలు కొట్టాం. బూడిద లేదు, నీళ్లు కూడా లేవు, సుత్తితో పైపొర తీసి ఉత్త బట్టతో తుడిచి పంపాం. లెక్క వచ్చింది. పొటాష్ ఉండీ లేనట్టు. ఆఫీసరు కాగితం పట్టుకుని గుట్ట మీద ఒక్కడే అటూ ఇటూ నడిచాడు. సముద్రమే. ఆయన తర్వాత దాని మీద ఏదో పెద్ద పుస్తకంలో రాశాడని విన్నాను. నేలలు జరుగుతాయని ఇప్పుడు మీ బడిపుస్తకాల్లోనే ఉంది, ఎవరూ నవ్వడం లేదు. కానీ ఆ పొద్దు ఆ వీపుల మధ్య నిలబడి, మా కాళ్ల కింద ఒక సముద్రం ఊపిరాడక చచ్చిందని నమ్మినప్పుడు, గాలి లేని ఎండలో నా ఒళ్లు జలదరించింది. దూరాన గొర్లు ఆ రోజు తలలెత్తి చూస్తూనే ఉన్నాయి, సుత్తి దెబ్బ పడకపోయినా.

పరుగెత్తుకుపోయి నీళ్లామెకు చెప్పాను. రాయి సముద్రపుదేనట అక్కా, నీ చేతిల ఏం లేదట అని. ఆమె తల అడ్డంగా ఊపింది.

"రాయి సంగతి మీరు జూస్కున్నరు. మనిషి సంగతి నేను జూస్కోవాలె గదా. రెప్ప దించు."

ఒక వాన పడింది. గొర్ల చావులు ఆగాయి, ఎందుకో ఎవరికీ తెలియదు. క్యాంపు ఎత్తేయమని ఆర్డరొచ్చింది. ఇక గద్వాల దిక్కు. లారీలో గుడారాలు, రాళ్లమూటలు, మేం. పల్లె చివర ఆమె రోడ్డు పక్కన నిలబడి ఉంది. జమేదారు లారీ ఆపించాడు. నేను దిగి ఆమె ముందు నిలబడి, అలవాటుగా రెప్ప దించుకోబోయాను. ఆమె నా చెయ్యి పక్కకు నెట్టింది. అప్పుడు చూశాను, ఆమె చేతులకు పేలికలు లేవు. తన బొటనవేలితోనే నా కింది రెప్ప దించింది. వేలు గరుకుగా, వెచ్చగా ఉంది. ఒక కన్ను చూసి, రెండోది కూడా చూసింది.

"ఎర్రగనే ఉంది" అంది. "ఇగ పో."